పదహారణాల్లో ఒక అణా

సినిమా హాలు నిండితే సినిమా కొన్నవాళ్లకి డబ్బులొస్తాయని అరవై రెండేళ్లు వచ్చేదాకా నమ్మాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, అంత తేలిగ్గా నమ్మకుండా ఉండాల్సింది. కానీ మా తిరువూరులో హాలు నిండిందంటే ఊరంతటికీ ఉత్సాహం. ఆ ఉత్సాహంలో లెక్కలు ఎవరడుగుతారు?

నన్ను ఇందులోకి దింపింది మా తమ్ముడు. వాడిది మామిడికాయల వ్యాపారం. సొంత తోట లేదు. పూత చూసి రైతుతో ధర మాట్లాడుకుంటాడు, బయానా కడతాడు, కాపు చేతికొచ్చాక కోయించి అమ్ముకుంటాడు. మధ్యలో గాలి కొట్టినా పూత మాడినా నష్టం వాడిదే. వినగడపలో ఒక పెద్ద రైతు తోట పదకొండేళ్లుగా వాడే తీసుకుంటున్నాడు. మిగతావన్నీ చిల్లర తోటలు, వాడి సంసారం నడిచేది ఆ ఒక్కదాని మీదే.

ఆ తోటలో సినిమా వాళ్లొచ్చి మూడు రోజులు పాట తీశారు. పేరున్న నటులెవరూ లేని చిన్న సినిమా. మా తమ్ముడు వాళ్లకి మజ్జిగ పోయించాడు, నిచ్చెనలు ఇచ్చాడు. కెమెరాకి అడ్డమొస్తోందంటే ఒక కొమ్మ కూడా కొట్టించబోయాడు, రైతు ఒప్పుకోలేదు. వెళ్లేటప్పుడు వాళ్ల ఖర్చులు చూసే మేనేజరు వీడి ఫోను నంబరు రాసుకున్నాడు. ఏడాది తిరగ్గానే ఆయన ఫోను చేశాడు. సినిమా తయారైందట. తిరువూరు హాలు వరకు వారం రోజుల హక్కు రెండు లక్షలకి ఇస్తారట. ఆ వారంలో ఎంత వసూలైనా కొన్నవాళ్లదేనట.

“పూత మీద తోట కొన్నట్టే గదక్కా,” అన్నాడు తమ్ముడు మా ఇంటికొచ్చి. “కాయ నిలిస్తే మనది, రాలితే మనది. మనకి అలవాటైన బేరమే.”

“కాయ సంగతి నీకు తెలుసు. సినిమా సంగతి ఎవరికి తెలుసురా?”

“అది అందరికీ తెలిసిందే గదా,” అన్నాడు. అదే మా అందరి కొంప ముంచింది. మామిడికాయ గురించి మాట్లాడాలంటే జనం కాస్త జంకుతారు గానీ, సినిమా గురించి మాట్లాడటానికి జంకే మనిషిని నేను మా వైపు చూడలేదు.

మా దగ్గర నలుగురు కలిసి ఏ వ్యాపారం పెట్టినా వాటాలు అణాల్లోనే చెప్పుకుంటారు. అణాలు చెలామణిలోంచి పోయి తరాలు దాటినా, బియ్యం మిల్లయినా చిట్టీల కంపెనీ అయినా రూపాయికి పదహారణాలే. కొనడానికి రెండు లక్షలు, పోస్టర్లకీ ఆటో మైకుకీ నలభై వేలు, మొత్తం రెండు లక్షల నలభై వేలు. అణా పదిహేను వేలు. తొమ్మిది మంది చేరారు. మా తమ్ముడివి నాలుగణాలు, లారీ ట్రాన్స్‌పోర్టు నడిపే భాయివి రెండు, మందుల షాపాయనవి రెండు, మిగతావి తలా ఒకటో రెండో. నాదొక అణా. పెన్షన్ డబ్బు, ఎటూ బ్యాంకులో పడుకుని ఉందని ఇచ్చాను. లెక్కల టీచరునని జమాఖర్చులు రాసే పని కూడా నాకే అప్పజెప్పారు.

సంతకాలన్నీ అయ్యాక తమ్ముడు నన్ను పక్కకి పిలిచాడు. వాడు పెట్టిన అరవై వేలూ వినగడప తోట బయానా కోసం దాచినవట. పూత వచ్చేసరికి రైతుకి యాభై వేలు కట్టాలి. విస్సన్నపేట వ్యాపారి ఒకాయన రెండేళ్లుగా ఆ తోట కోసం రైతు చుట్టూ తిరుగుతున్నాడు. సమయానికి బయానా పడకపోతే తోట ఆయన చేతికి పోతుంది.

“ఆ మాట ముందే చెబితే చెవి మెలేసి ఇంటికి పంపేదాన్ని,” అన్నాను.

“అందుకే చెప్పలేదక్కా.”

యాభై నాలుగేళ్ల వాడిని ఇంకేమంటాను. కానీ ఆ రోజు నుంచీ నాకు సినిమా అంటే ఆ యాభై వేలే.

మొదటి సమావేశం భాయిగారి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో జరిగింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లాభంతో రెండో సినిమా ఏది కొనాలా అని గంటసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత మందుల షాపాయన అసలు విషయం ఎత్తారు.

“మన సినిమాకి మనం టికెట్టు కొనుక్కుని వెళ్తే ఏం బాగుంటదండి? జనం నవ్వుతారు.”

నిజమే అనిపించింది అందరికీ. ఒక పద్ధతి పెట్టుకున్నాం. వాటాదారులు తమ వాళ్లని పంపేటప్పుడు చిన్న కాగితం మీద ఎంతమందో రాసి సంతకం చేసి ఇవ్వాలి. అదే పాసు. గేటు దగ్గర కాగితం తీసుకుని లోపలికి వదుల్తారు. నేను కూడా తలూపాను. ఇంట్లో వాళ్లు ఓ పదిమంది వెళ్తారు, అంతే గదా అనుకున్నాను. తొమ్మిది మందీ అదే అనుకున్నారు.

శుక్రవారం సినిమా విడుదలైంది. సాయంత్రానికి హాలు మేనేజరు నుంచి ఫోనుకి ఆ రోజు కలెక్షన్ రిపోర్టు వచ్చింది. ఏ ఆటకి ఎన్ని టికెట్లు తెగాయి, ఎంత వచ్చింది, అన్నీ గళ్లల్లో ఉన్నాయి. టికెట్టు వంద రూపాయలు పెట్టి అమ్మితే మా ఖాతాలో ఎనభై ఆరే కనపడింది. వెంటనే ఫోను చేసి అడిగాను. మేనేజరు నాలాగే సర్వీసు ముదిరిన మనిషి, ఓపిక ఎక్కువ.

“పన్ను పది రూపాయల పైచిలుకు పోద్దండి. మెయింటెనెన్సు కింద ఇంకో మూడు. మిగిలింది నెట్టు. నెట్టులోంచి హాలు అద్దె రోజుకి పదివేలు, ప్రొజెక్టరు చార్జీ పోను మిగిలింది షేరు. షేరులోంచి మీరు కొన్న ధర పూడాలి. అది పూడాక పైనొచ్చేదాన్ని లాభం అంటారండి.”

“మరి వసూళ్లు అదిరిపోయాయని సినిమా వాళ్లు చెప్పుకునేది దేని గురించండీ?”

“అది మొదటి గడి అండి. వంద రూపాయలప్పటి సంగతి. కిందికి దిగేకొద్దీ ఎవరూ చెప్పుకోరు.”

నాకాయన నచ్చాడు. ముప్పై ఏళ్లు నేను పిల్లలకి భాగస్వామ్య వ్యాపారం లెక్కలు చెప్పాను. ఒకరు ఇంత పెట్టుబడి, ఇంకొకరు అంత, లాభం ఇంత, ఎవరి వాటా ఎంత. ఏ పుస్తకంలోనూ లాభం ఎక్కడి నుంచి వచ్చిందో రాయలేదు, అది ఎప్పుడూ వచ్చేసి ఉంటుంది. ఆ పుస్తకాల్లోని భాగస్వాములకి చుట్టాలు కూడా ఉండరు.

శనివారం మ్యాటనీకి నేనే హాలుకి వెళ్లాను. జనం కిటకిటలాడుతున్నారు. పార్కింగులో బండి పెట్టే చోటు లేదు. క్యాంటీను దగ్గర సమోసాలు అయిపోయాయని కేకలు. గేటు పక్కన కుర్చీ వేయించుకుని, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చుని, లోపలికి వెళ్లే తలలు లెక్కపెట్టాను. మూడు వందల డెబ్భై. నాలుగు వందల సీట్ల హాల్లో మూడు వందల డెబ్భై మంది. తమ్ముడికి ఫోను చేసి బయానా గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పాను.

ఆట మొదలైన అరగంటకి రిపోర్టు వచ్చింది. తెగిన టికెట్లు నూట నలభై.

నాకు కోపం వస్తే మాట పెద్దదవుతుంది. ఆఫీసు గదిలోకి వెళ్లి, బల్ల మీద ఫోను పెట్టి, “మూడు వందల డెబ్భైలో నూట నలభై పోతే ఎంతండీ?” అని అడిగాను. “రెండు వందల ముప్పై మంది ఎటు నుంచి వచ్చారు? గోడ దూకారా? లేకపోతే వాళ్ల డబ్బు వేరే జేబులోకి వెళ్లిందా?” ఆ మాట నేను అనకూడదు. అన్నాను.

మేనేజరు నొచ్చుకున్నట్టు కనపడలేదు. అలమర తీసి ఒక ఇనుప తీగ బయటికి లాగారు. పాత కొట్లలో బిల్లులు గుచ్చే తీగ లాంటిది. దాని నిండా కాగితాలు.

“నిన్న పొద్దుటాట నుంచి ఇప్పటిదాకా వచ్చిన పాసులండి. చూసుకోండి.”

కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. జవాబు పత్రాలు సర్దినట్టు ఒక్కో సంతకాన్ని ఒక్కో కట్టగా పెట్టాను. నోటు పుస్తకం కాగితాలు, మందుల చీటీల వెనకవైపులు, లారీ సరుకు రసీదుల ముక్కలు. ‘ఆరుగురు’, ‘డ్రైవర్లు, పద్నాలుగు’, ‘మా బావగారి వైపు, తొమ్మిది’. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టను తావు లేదంటే ఏంటో నాకప్పుడు తెలిసింది. ఒక్కొక్కరికీ మనసులో చీవాట్లు పెడుతూ సర్దాను. ముఖ్యంగా మా తమ్ముడి కట్ట కోసం చూశాను. వాడిది పలచగా ఉంది.

అన్నిటికంటే లావు కట్ట నాది.

సంతకం నాదే, కింద రెండు చుక్కలతో సహా. ఎవరెవరికి ఇచ్చానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. బజార్లో ఎదురుపడ్డ పాత విద్యార్థులు, “టీచర్ గారూ, సినిమా మీదేనంట గదా?” అంటే అక్కడే బ్యాగులోంచి పుస్తకం తీసి రాశాను. వాళ్ల భార్యలకీ పిల్లలకీ కలిపి రాశాను. చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లు అడిగితే మొత్తం బృందానికి రాశాను. పెద్ద మనిషినన్న గొప్ప, అంతకంటే ఏమీ లేదు. మా సినిమా అని అనిపించుకోవడం నాకు ఎంత ఇష్టమైందో ఆ కట్ట చూస్తేగానీ తెలియలేదు. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు, నాకు సంతకంతో సహా చూపించారు.

మేనేజరు టీ తెప్పించారు. నేను క్షమించమని అడిగాను, ఆయన, “పర్లేదండి, ప్రతి సినిమాకీ ఎవరో ఒకరు అంటానే ఉంటారు,” అన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. హాలు నిండితే హాలుకే లాభమట. అద్దె ఎటూ వస్తుంది. పార్కింగూ క్యాంటీనూ వాళ్లవే. టికెట్టు కొన్నవాడైనా పాసు మీద వచ్చినవాడైనా సమోసా డబ్బులిచ్చే తింటాడు.

ఆదివారంతో పాసులు ఆపించాను. సోమవారం నుంచి హాలు సగం కూడా నిండలేదు గానీ, వచ్చినవాళ్లు టికెట్టు కొనుక్కుని వచ్చారు. వారం అయ్యాక మొత్తం లెక్క తేల్చాను. అద్దెలూ చార్జీలూ పోను మా షేరు తొంభై తొమ్మిది వేల ఆరు వందలు. అణాకి ఆరు వేల పైచిలుకు. తమ్ముడి నాలుగణాలకి ఇరవై ఐదు వేలకి వంద తక్కువ. పాసుల మీద చూసినవాళ్లు పదమూడు వందల నలభై మంది.

వాడికి ఆ అంకె చెబితే, “పోన్లే అక్కా,” అన్నాడు. రైతుని అడిగి గడువు తీసుకోరాదా అంటే, మొహం చూపించలేనన్నాడు. సినిమా పిచ్చిలో తోట డబ్బు తగలేశాడని ఆయన అనుకుంటాడట. ఆ తర్వాత రెండు రోజులు వాడు వినగడప వైపే వెళ్లలేదు. నాకు అన్నం సహించలేదు. వాడి తోట తినేసినదాంట్లో నా కట్ట అన్నిటికంటే లావు మరి.

మళ్లీ అందరం భాయిగారి ఆఫీసులో కూర్చున్నాం. తీగ మీది కాగితాలన్నీ కట్టలుగా తీసుకెళ్లాను.

“పాసులు ఇచ్చినవాళ్లు టికెట్టు ధర లెక్కన ఆ డబ్బు జమ చేయాలి,” అన్నాను. “అప్పుడు అందరి వాటాకీ న్యాయం జరుగుతుంది. మొదట నా కట్ట చదువుతాను. రెండు వందల పన్నెండు మంది. ఇరవై ఒక్క వేల రెండు వందలు. అందరూ కడితే నా అణాకి వచ్చేది పోను ఇంకా ఆరు వేల ఆరు వందలు చేతి నుంచి కడుతున్నాను.”

ముందుగా మందుల షాపాయన అన్నారు. “ముందే చెప్పుంటే ఇచ్చేవాళ్లం కాదు గదండి. అప్పుడు ఊరికే అన్నారు, ఇప్పుడు డబ్బులంటున్నారు.”

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఆట అయ్యాక నియమం మార్చడమే అది. “మీరన్నది నిజమేనండి,” అన్నాను. “కట్టమని అడిగే హక్కు నాకు లేదు. నాది మాత్రం నేను కడతాను.”

భాయిగారు తన కట్ట అడిగి తీసుకున్నారు. ఆయనవి నూట ఎనభై, డ్రైవర్లూ క్లీనర్లూ వాళ్ల కుటుంబాలూ. ఒక్కో కాగితం తిరగేసి చూసి నవ్వుకున్నారు.

“మా వాళ్లు ఖుషీగా చూశారు టీచరమ్మ గారూ. నా పేరు చెప్పుకుని చూశారు. ఆ పేరేదో నా డబ్బుతోనే రానివ్వండి, పక్కవాళ్ల డబ్బుతో ఎందుకు? నావి పద్దెనిమిది వేలు రాసుకోండి.”

ఆ తర్వాత ఒక్కొక్కరే కట్ట అందుకున్నారు. మందుల షాపాయన చివర్న, కాస్త ముఖం చిట్లించి, కట్టారు. కట్టాక మాత్రం ఆయనే అందరికీ టీ చెప్పారు. పాసుల డబ్బు కలిపితే అణాకి పద్నాలుగు వేల ఆరు వందలు తేలింది. అణాకి నాలుగు వందలు నష్టం, అంతే. తమ్ముడికి వాడి నలభై పాసులు పోను యాభై నాలుగు వేల నాలుగు వందలు వచ్చాయి. వాడు ఆ డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, లోపలి జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆటోలో వినగడప వెళ్లాం. తోట నిండా పూత. రైతు గట్టు మీద ఉన్నారు, ఆయన భార్య చిక్కుళ్లు కోస్తోంది. వాళ్లింటి పదకొండు మందీ సినిమాకి వచ్చారు, ఆ పాసు రాసింది నేనే. తమ్ముడు ఎక్కువ మాట్లాడకుండా యాభై వేలు ఆయన చేతిలో పెట్టాడు. ఆలస్యమైందని నసిగాడు.

రైతు డబ్బు లెక్కపెట్టకుండా భార్యకిచ్చారు. “విస్సన్నపేట ఆయన మొన్న అరవై వేలు తెచ్చాడయ్యా,” అన్నారు. “మాటయిపోయిందని చెప్పి పంపేశా.”

తమ్ముడు తెల్లబోయాడు. “నేను ఈ ఏడు ఇంకా మాటివ్వలేదు గదండి.”

“నువ్వివ్వలేదు. నేనిచ్చా.”

“ఎవరికండి?” అని నేనే అడిగాను.

“మా ఆవిడకి. సినిమా అయ్యాక, హాలు బయట. పాటలో మా చెట్లు అంతెత్తున కనపడితే, మామిడి చెట్టు ఇంత బాగుంటుందని నలభై ఏళ్లుగా తెలవలేదే అంది. ఈ తోటని అంత బాగా చూసుకుంది మీ తమ్ముడే గదండి. ఇంకొకరికెట్టా ఇస్తాం? డబ్బు ఇప్పుడు కాకపోతే కాయ కోశాక ఇచ్చేవాడు. అడిగితే గదా చెప్పేది.”

అంటే తీగలూ కట్టలూ, భాయిగారి ఆఫీసూ, నా ఆరు వేల ఆరు వందలూ ఏవీ లేకపోయినా తోట వాడిదే. నాకు కోపం రావాలి. ఒక నిమిషం ఎదురుచూశాను, రాలేదు. తమ్ముడు చెట్ల మధ్యలోకి వెళ్లి కొమ్మలు వంచి పూత చూస్తున్నాడు. వాడి భుజాలు కదలడం చూసి నేను రైతు భార్య పక్కన కూర్చుని చిక్కుళ్లు కోశాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, తిరువూరు దగ్గరికొచ్చాక, “అక్కా, నువ్వు కట్టిన డబ్బు కాయ కోశాక నేనిచ్చేస్తా,” అన్నాడు.

“నా వాళ్లకి నేను చూపించుకున్న సినిమారా అది,” అన్నాను. “నువ్వివ్వడమేంటి?”